ఉద్యోగ ప్రకటన నుంచి వెనక్కి రండి: డిగ్రీ, బీటెక్ విద్యార్థులు తప్పటడుగు వేసే చోట్లు

జులై వచ్చిందంటే నా బల్ల మీద రెజ్యూమెలు కుప్ప పడతాయి. ఇంజినీరింగ్ కాలేజీలో క్యాంపస్ డ్రైవ్‌లు మొదలయ్యే ముందు చివరి సంవత్సరం పిల్లలకు నమూనా ఇంటర్వ్యూలు చేయడం కొన్నేళ్లుగా నా పని. ఆ కాగితాలు చాలా వరకు ఒకే మూసలో పోసినట్టుంటాయి. పైన 'సవాళ్లతో కూడిన సంస్థలో నా నైపుణ్యాలను వినియోగించాలని' అంటూ ఒక వాక్యం, కింద డజను సర్టిఫికెట్లు, చివర హాబీలు: క్రికెట్ చూడటం, పాటలు వినడం. పేరు చెరిపేస్తే ఏది ఎవరిదో కన్నతల్లి కూడా పోల్చుకోలేదు.

వీళ్లు సోమరులు కారు. ఇంటర్లో తెల్లవారుజామున ఐదింటికి స్టడీ అవర్‌లో కూర్చుని రాత్రి పదకొండింటికి పడుకున్న పిల్లలే. చిక్కు ఎక్కడంటే, అప్పటిదాకా ఏ రోజు ఏ పాఠం చదవాలో ఎవరో ఒకరు చెబుతూ వచ్చారు. ఉద్యోగం విషయంలో అలా చెప్పేవారు ఉండరు. దాంతో పక్కవాడు ఏ కోర్సులో చేరితే తామూ అందులోనే చేరతారు. నాలుగేళ్లు కష్టపడి, ఎవరూ అడగని ప్రశ్నలకు జవాబులు సిద్ధం చేసుకుంటారు. అందుకే నేను చెప్పే పద్ధతి తిరగేసి మొదలవుతుంది. ఉద్యోగం ఏమి అడుగుతోందో ముందు చూసి, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ రావాలి. రెండో ఏడాదిలో మొదలుపెడితే తీరిక ఉంటుంది. చివరి సంవత్సరంలో ఉన్నవారు కూడా ఇందులో సగం చేయగలరు.

1. పది ప్రకటనలు ప్రింటు తీయించండి

కోర్సుకు డబ్బు కట్టే ముందు చేయాల్సిన పని ఇది. మీరు కోరుకునే ఉద్యోగానికి కొత్తవారిని పిలుస్తూ వచ్చిన ప్రకటనలు పది సేకరించండి. లింక్డ్‌ఇన్, నౌకరీ వంటి చోట్ల దొరుకుతాయి. ఫోనులో చదివితే కళ్లు జారిపోతాయి కాబట్టి ప్రింటు తీయించి, పెన్నుతో గీతలు గీస్తూ చదవండి. ఐదుకు మించిన ప్రకటనల్లో కనిపించిన మాటలన్నీ వేరే కాగితం మీద రాయండి.

ఆ జాబితా మీరు భయపడినంత పొడుగు ఉండదు. కొత్తగా చేరే సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికైతే ఒక ప్రోగ్రామింగ్ భాష గట్టిగా వచ్చి ఉండాలి, డేటా స్ట్రక్చర్లు, డేటాబేస్‌లోంచి సమాచారం తీసే భాష ఎస్‌క్యూఎల్, కోడులో చేసిన మార్పులను దాచిపెట్టే గిట్ తెలిసి ఉండాలి. చాలా ప్రకటనల సారం ఇదే. బీకాం వారికి ట్యాలీ, ఎక్సెల్, జీఎస్టీ రిటర్నులు, టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసే పన్ను) కనిపిస్తాయి. మూడేళ్లు అకౌంట్స్ చదివి, జీఎస్టీఆర్-1కూ జీఎస్టీఆర్-3బికీ తేడా చెప్పలేక తెల్లమొహం వేసేవారు ఉన్నారు. మొదటిది అమ్మకాల వివరాలు చూపేది, రెండోది కట్టాల్సిన పన్ను తేల్చే సంక్షిప్త రిటర్ను. ఏ చిన్న ఆడిటర్ ఆఫీసులోనైనా వారం రోజులు కూర్చుంటే తెలిసిపోయే సంగతి.

బీఎస్సీ కెమిస్ట్రీ వారికి జీడిమెట్ల, పటాన్‌చెరు, పరవాడ వైపు ఫార్మా కంపెనీల ప్రకటనల్లో హెచ్‌పీఎల్‌సీ అనే పేరు పదే పదే ఎదురవుతుంది. మందులో ఏ పదార్థం ఎంత ఉందో విడదీసి కొలిచే యంత్రం అది. మీ కాలేజీ ల్యాబులో అది లేకపోవచ్చు. లేదని ఊరుకోకండి. అది పనిచేసే సూత్రం ఏమిటో, గ్రాఫులో వచ్చే శిఖరాలను ఎలా చదవాలో తెలుసుకుని వెళ్లండి. ఆ పేరే వినని అభ్యర్థికీ మీకూ మధ్య తేడా మొదటి రెండు నిమిషాల్లోనే ఎదుటివారికి తెలిసిపోతుంది.

సర్కారు కొలువు కోరేవారికి ప్రకటన అంటే కిందటిసారి వచ్చిన నోటిఫికేషన్. దాన్ని మొదటి పేజీ నుంచి చివరి అనుబంధం దాకా చదివినవారిని నేను చాలా తక్కువ మందిని చూశాను. కోచింగ్ సెంటరు కరపత్రమే చాలామందికి నోటిఫికేషన్. ఎంటెక్ సీట్లకు, కొన్ని ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగాలకు చూసే గేట్ పరీక్ష సంగతే చూడండి. మూడో సంవత్సరంలోనే రాయవచ్చని, ఆ స్కోరు మూడేళ్లు చెల్లుతుందని తెలియక చివరి ఏడాది దాకా ఆగుతారు. మొత్తం 65 ప్రశ్నలు, 100 మార్కులు, 3 గంటలు. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే ప్రశ్నలకే రుణాత్మక మార్కులు. సంఖ్యను టైపు చేసే ప్రశ్నలకు, ఒకటికి మించి సరైన జవాబులుండే ప్రశ్నలకు కోత లేదు. ఈ ఒక్క ముక్క తెలియక వాటిని ఖాళీగా వదిలేసి వచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు.

2. అరవై దగ్గర గీత గీసి ఉందేమో చూడండి

చాలా కంపెనీలు పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మూడింటిలోనూ 60 శాతం అడుగుతాయి, బ్యాక్‌లాగులు, అంటే తప్పిన సబ్జెక్టులు, మిగిలి ఉండకూడదంటాయి. పదో తరగతి, ఇంటర్ మార్కులను ఇప్పుడు మార్చలేరు. చేతిలో ఉన్నది డిగ్రీ ఒక్కటే. రెండో సంవత్సరంలో వదిలేసిన గణితం సబ్జెక్టును 'తర్వాత సప్లిమెంటరీలో చూసుకుందాం' అనుకున్నవారు, డ్రైవ్ రోజున గది బయటే ఆగిపోతారు. మీకు ఎంత కోడింగ్ వచ్చినా కంప్యూటర్ జల్లెడ పట్టేది ఆ అంకెనే.

సీజీపీఏను శాతంలోకి మార్చే సూత్రం విశ్వవిద్యాలయాన్ని బట్టి మారుతుంది. పదితో గుణించి రాసేయకండి. మీ మెమో వెనుకో, విశ్వవిద్యాలయ నిబంధనల్లోనో ఉన్న సూత్రాన్నే వాడండి. దరఖాస్తులో రాసిన అంకెకూ మెమోలో తేలే అంకెకూ పొంతన కుదరకపోతే, అది పొరపాటని మీరు చెప్పుకోవాల్సి వస్తుంది, అబద్ధమని వాళ్లు అనుకుంటారు.

3. ప్రాజెక్టు కొనకండి

ఇక్కడ కాస్త ఆగుతాను. నాకు బాగా కోపం తెప్పించే విషయం ఇది.

ఒక జట్టుకు నమూనా ఇంటర్వ్యూ చేశాను. నలుగురు. ప్రాజెక్టు పేరు ఆసుపత్రి నిర్వహణ వ్యవస్థ. మొదటి అబ్బాయిని అడిగాను: "రోగి అపాయింట్‌మెంటు రద్దు చేసుకున్నాడనుకో, డేటాబేస్‌లో ఏమి మారుతుంది? ఆ వరుసను తీసేస్తావా, రద్దయిందని గుర్తు పెడతావా?" అతను కాసేపు సీలింగు వైపు చూసి, "డేటాబేస్ మా ఫ్రెండు చూసుకున్నాడు సార్" అన్నాడు. ఆ ఫ్రెండును పిలిచాను. "నేను స్క్రీన్లు చేశాను సార్, డేటాబేస్ ఆ అమ్మాయి" అన్నాడు. ఆ అమ్మాయి డాక్యుమెంటేషన్ చేసిందట. నాలుగో అబ్బాయి నిజాయితీపరుడు. "అమీర్‌పేటలో తీసుకున్నాం సార్" అన్నాడు. పన్నెండు వేలు, తలా మూడు. బైండింగు మాత్రం చాలా బాగుంది.

కొనడంలో నీతి సంగతి పక్కన పెడదాం. అది దండగ ఖర్చు. కొత్తగా చదువు ముగించినవారిని అడగడానికి ఇంటర్వ్యూ చేసేవారి దగ్గర మరో విషయం ఉండదు. మీకు అనుభవం లేదు, మీరు చేసిన పని అంటూ ఉంటే ఆ ప్రాజెక్టే. దాని మీద పదిహేను నిమిషాలు మాట్లాడగలిగితే సగం ఇంటర్వ్యూ మీ చేతిలో ఉన్నట్టే.

ఎలా చేయాలి? మీ ఇంటికి రెండు కిలోమీటర్ల లోపల ఉన్న ఒక ఇబ్బందిని ఎంచుకోండి. నాకు నచ్చిన ఉదాహరణ పాల కేంద్రం. మీ ఊళ్లో ఉంటే ఒక ఉదయం నోటుబుక్కు పట్టుకుని వెళ్లి కూర్చోండి. రైతు పాలు తెస్తాడు, కొలుస్తారు, చిన్న నమూనా తీసి వెన్న శాతం చూస్తారు, రేటు పట్టీ చూసి ధర వేస్తారు, రైతు పుస్తకంలో రాస్తారు. ఇదే సాయంత్రం మళ్లీ. కొన్ని రోజులకొకసారి లెక్క కట్టి డబ్బు ఇస్తారు. చూడటానికి సులువే. కానీ ఒక గంట కూర్చుంటే గొడవలు కనిపిస్తాయి. నిన్న సాయంత్రం శాతం తప్పు రాశారని ఒకాయన తగువుకు వస్తాడు. ఇద్దరు రైతులకు ఒకే పేరు ఉంటుంది. రేటు నెల మధ్యలో మారుతుంది, పాత రోజుల లెక్క పాత రేటుతోనే ఉండాలి. కరెంటు పోతుంది.

ఇప్పుడు ఈ లెక్కకు ఒక చిన్న ప్రోగ్రాము రాయండి. రైతుల పట్టిక ఒకటి, పాలు పోసిన వివరాలది ఒకటి, ఏ తేదీ నుంచి ఏ రేటో చెప్పేది ఒకటి. మూడు పట్టికలు చాలు. కేంద్రం నడిపే ఆయనకు ఒక వారం వాడమని ఇవ్వండి. ఆయన రెండో రోజే "ఇది నాకు వద్దు బాబూ, పుస్తకమే నయం" అంటాడు. ఎందుకు వద్దన్నాడో రాసుకోండి. అక్షరాలు చిన్నవిగా ఉన్నాయా, నాలుగు చోట్ల నొక్కాల్సి వస్తోందా, తడి చేతులతో ఫోను పట్టుకోలేకపోతున్నాడా? మార్చి మళ్లీ ఇవ్వండి. కోడును గిట్‌హబ్ అనే వెబ్‌సైటులో పెట్టండి, ఒకేసారి కాకుండా మార్చినప్పుడల్లా. ఎవరైనా చూస్తే రెండు నెలల చరిత్ర కనపడాలి. ఒకే రాత్రి పడిన యాభై ఫైళ్లను చూసి ఎవరూ మోసపోరు.

తప్పు పడిన నమోదును ఎలా సరిదిద్దుతారని ఇంటర్వ్యూలో అడిగారనుకోండి. మీరు పుస్తకం గుర్తు తెచ్చుకోనక్కర్లేదు. ఆ రోజు తగువుకు వచ్చిన రైతే గుర్తుకొస్తాడు.

కంప్యూటర్ కాకుండా వేరే శాఖ అయితే? ఎలక్ట్రికల్ వారు పొలంలో బోరు మోటారు ఎందుకు కాలిపోతోందో చూడండి. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా మోటారు మిగతా రెండింటి మీద నడవాలని చూస్తుంది, వాటిలో కరెంటు పెరుగుతుంది, వైండింగు వేడెక్కి కాలుతుంది. దీన్ని ఆపే రక్షణ సర్క్యూటు మీరే కట్టి చూపవచ్చు. సివిల్ వారు వీధిలో కడుతున్న ఇంటి స్లాబు కొలతలు తీసుకుని, ఉక్కు ఎంత, సిమెంటు ఎన్ని బస్తాలు అని లెక్క వేయండి. తర్వాత మేస్త్రీని అడిగి నిజంగా ఎంత పట్టిందో పోల్చండి. తేడా వస్తుంది. ఆ తేడా ఎందుకు వచ్చిందన్నదే మీ ప్రాజెక్టు.

4. సర్టిఫికెట్లు రెండు చాలు

పూర్తిగా చూడకుండా వీడియో వేగం పెంచి సంపాదించిన సర్టిఫికెట్లను రెజ్యూమెలోంచి తీసేయండి. పన్నెండు రాస్తే పన్నెండింటి మీదా ప్రశ్నలు అడగవచ్చు. ఉంచితే పరీక్ష రాసి తెచ్చుకున్నవి ఉంచండి. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్ కోర్సులు ఉచితం. సర్టిఫికెట్ కావాలంటే రూ.1,000 రుసుము కట్టి, కేంద్రానికి వెళ్లి పరీక్ష రాయాలి. వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 వస్తేనే సర్టిఫికెట్. ఏడాదికి ఒకటి, మీ జాబితాలోని మాటకు సంబంధించినది ఎంచుకోండి.

డబ్బు కడితే 'ఇంటర్న్‌షిప్' సర్టిఫికెట్ పంపించే సంస్థల జోలికి వెళ్లవద్దు. పని చేయించుకున్నవారు మీకు డబ్బు ఇవ్వాలి, కనీసం పని అయినా నేర్పాలి. పని లేదు, నేర్పేది లేదు, పైగా రుసుము మీరే కట్టాలంటే అది రసీదు మాత్రమే.

దీనికంటే మేలైన దారి ఒకటుంది, ఎందుకో మన పిల్లలు దాన్ని చిన్నచూపు చూస్తారు. అప్రెంటిస్‌షిప్. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద కేంద్రం నడిపే నాట్స్ పథకంలో డిగ్రీ, డిప్లొమా పూర్తయినవారికి ఒక ఏడాది పాటు సంస్థలో శిక్షణ, నెల నెలా స్టైపెండ్ ఉంటాయి. ఈసీఐఎల్, విశాఖ ఉక్కు వంటి ప్రభుత్వ రంగ సంస్థలు కూడా ఇలా తీసుకుంటాయి. ఉద్యోగానికి హామీ లేదని వదిలేస్తారు. హామీ లేని మాట నిజమే. కానీ నిజమైన యంత్రాల మధ్య ఏడాది గడిపినవారికి, అదే ఏడాది గదిలో కూర్చుని నోటిఫికేషన్ కోసం ఎదురుచూసినవారికి చెప్పుకోవడానికి ఉండే విషయంలో చాలా తేడా ఉంటుంది.

5. ఇంగ్లిష్: రోజుకు రెండు నిమిషాలు రికార్డు చేయండి

తెలుగు మీడియంలో చదివినవారికి ఇది గుండెల్లో రాయి. దాన్ని దించుకోవడానికి వాళ్లు చేసే మొదటి పని 'మీ గురించి చెప్పండి' అనే ప్రశ్నకు ఒక పేరా బట్టీ పట్టడం. ఒకమ్మాయి చక్కగా మొదలుపెట్టింది. మూడో వాక్యంలో నేను ఆపి, "మీ ఊరు ఏ నది ఒడ్డున?" అని అడిగాను. జవాబు చెప్పింది. మళ్లీ ఎక్కడ ఆగిందో గుర్తు రాలేదు. మొదటి నుంచి అందుకుంది, పేరుతో సహా. నవ్వు రాలేదు నాకు, జాలి వేసింది. తర్వాత నది గురించి అడిగితే తప్పులతోనే అయినా తడుముకోకుండా రెండు నిమిషాలు మాట్లాడింది. తనకు తెలిసిన విషయం కాబట్టి మాటలు వాటంతటవే వచ్చాయి.

కాబట్టి ఇలా చేయండి. ఆ రోజు మీరు చేసిన ఒక పనిని తీసుకోండి, ప్రాజెక్టులో వచ్చిన తప్పో, ల్యాబులో చేసిన ప్రయోగమో. ఏమి చెప్పాలో ముందు తెలుగులో మూడు ముక్కలుగా అనుకోండి. తర్వాత ఫోనులో రికార్డు నొక్కి, చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో రెండు నిమిషాలు చెప్పండి. మధ్యలో ఆపకండి. విని, మాట దొరకక తడబడిన చోట్లు మూడు గుర్తించి ఆ మాటలు నేర్చుకోండి. ఆ రికార్డులు చెరిపేయవద్దు. నలభయ్యో రోజున మొదటిది పెట్టి వినండి.

ప్రశ్న అర్థం కాకపోతే మరొకసారి చెప్పమని అడగడం తప్పు కాదు. అర్థం కాని ప్రశ్నకు తోచిన జవాబు చెప్పడమే తప్పు.

6. సర్కారు పరీక్షలకు ఒక తేదీ పెట్టుకోండి

చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో ఒక మధ్యాహ్నం తిరిగితే తెలుస్తుంది ఎంతమంది ఎన్నేళ్లుగా చదువుతున్నారో. వాళ్లను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. వాళ్లకున్న ఓపిక నాకు లేదు. కానీ నోటిఫికేషన్ మీ చేతిలో ఉండదు. తెలంగాణ గ్రూప్-1 సంగతి గుర్తుందిగా. 2022 అక్టోబరులో ప్రిలిమ్స్ జరిగింది. ప్రశ్నపత్రం లీకు కారణంగా 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ పెట్టారు, దాన్ని సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులకు కొత్త నోటిఫికేషన్ వచ్చింది. ఒక్క తప్పూ చేయని అభ్యర్థికి కూడా ప్రిలిమ్స్ దగ్గరే రెండేళ్లు గడిచిపోయాయి.

అందుకని చేరే ముందే ఒక కాగితం మీద రాసి ఇంట్లో చూపించండి: ఎన్నిసార్లు రాస్తాను, ఏ నెల దాకా, ఆ ఖర్చు ఎక్కడి నుంచి. సివిల్స్‌కు వయసు, ప్రయత్నాల లెక్క ఎలాగూ ఉంది. జనరల్ వర్గానికి 32 ఏళ్లు, ఆరు ప్రయత్నాలు. ఓబీసీకి 35 ఏళ్లు, తొమ్మిది. కానీ చట్టం ఇచ్చిన గడువు వేరు, మీ ఇల్లు భరించే గడువు వేరు. ప్రధాన పరీక్షతో సిలబస్ కలిసే పరీక్షలు కూడా రాస్తూ ఉండండి. బ్యాంకు, రైల్వే పరీక్షల్లో వచ్చే అరిథ్‌మెటిక్, రీజనింగ్ చాలా వరకు ఒకటే. రైల్వే నియామక బోర్డు కంప్యూటర్ పరీక్షను తెలుగులోనూ రాయవచ్చు. నాకు తెలిసిన ఒకతను గ్రూప్స్ కోసం చదువుతూ గ్రామీణ బ్యాంకులో క్లర్కుగా చేరాడు. ఇప్పటికీ చదువుతూనే ఉన్నాడు, కాకపోతే నెల నెలా ఇంటికి డబ్బు పంపుతూ.

7. ఇంటిపేరు ఎక్కడుందో చూసుకోండి

మన పేర్లతో వచ్చే తంటా మరొకరికి అర్థం కాదు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ముందు ఉంటుంది. ఆధార్‌లో పొడి అక్షరం. పాన్ కార్డులో ఇంటిపేరు చివరకు పోయింది. డిగ్రీ మెమోలో 'లక్ష్మి'కి చివర ఒక 'ఐ' అదనంగా వచ్చి చేరింది. నాలుగు కాగితాలు, నలుగురు మనుషులు. ఉద్యోగంలో చేరే వారం ముందు ఇది బయటపడితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

మూడో సంవత్సరం సెలవుల్లో ఒక పూట కేటాయించండి. కాగితాలన్నీ నేల మీద పరిచి, మీ పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ ఒక్కో అక్షరం పోల్చండి. పదో తరగతి మెమోను ప్రమాణంగా పెట్టుకుని మిగతావి దానికి సరిపోయేలా మార్పించండి. ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి రెండుసార్లు, పుట్టిన తేదీకి ఒకసారి మాత్రమే అవకాశం ఉంటుంది. అందుకని తొందరపడి తప్పు మార్పు చేయించకండి.

రిజర్వేషన్ ఉన్నవారికి మరో మాట. రాష్ట్రం ఇచ్చే బీసీ ధ్రువపత్రం కేంద్ర ఉద్యోగాలకు పనికిరాదు. దానికి ఓబీసీ నాన్ క్రీమీలేయర్ ధ్రువపత్రం కేంద్రం నమూనాలో వేరుగా తీసుకోవాలి. రాష్ట్ర జాబితాలో ఉన్న కొన్ని కులాలు కేంద్ర జాబితాలో లేవు, ముందే చూసుకోండి. వేరే రిజర్వేషన్ లేని పేద కుటుంబాలకు ఇచ్చే ఈడబ్ల్యూఎస్ ధ్రువపత్రం ఏ ఆర్థిక సంవత్సరానికి ఆ సంవత్సరం కొత్తగా తీసుకోవాలి. కిందటేడు తీసుకున్నది భద్రంగా దాచి, దాంతోనే పరిశీలనకు వెళ్లి పోస్టు పోగొట్టుకునేవారు ఉంటారు. తెలంగాణలో స్థానికత తేల్చడానికి ఒకటి నుంచి ఏడో తరగతి వరకు చదివిన బోనఫైడ్‌లు అడుగుతారు. మీరు చదివిన ప్రైవేటు బడి మూతపడక ముందే అవి తెచ్చుకోండి. ఇది హాస్యానికి అనడం లేదు, చిన్న బడులు మూతపడుతూనే ఉన్నాయి.

8. డబ్బు అడిగితే లేచి వచ్చేయండి

ఉద్యోగం ఇస్తామని లక్షో రెండు లక్షలో అడిగేవారు, దాన్ని డిపాజిట్టు అన్నా, శిక్షణ రుసుమన్నా, బ్యాక్‌డోర్ అన్నా ఒకటే. అసలు కంపెనీ కొత్తవారి దగ్గర డబ్బు తీసుకోదు. ఆ డబ్బు సాధారణంగా నాన్న పొలం మీద తెచ్చిన అప్పు అయి ఉంటుంది.

దొంగ అనుభవం పెట్టుకోవడం కూడా అంతే. మూడేళ్లు ఎక్కడో పనిచేసినట్టు కాగితాలు ఇప్పిస్తామనే వారుంటారు. కంపెనీలు ఇప్పుడు ఆ కాగితాలతో సరిపెట్టుకోవు. పీఎఫ్‌కు సంబంధించిన యూఏఎన్ నంబరు అడిగి, ఎక్కడ ఎన్నాళ్లు పనిచేశారో అందులో చూస్తాయి. చేరిన ఆరు నెలలకు బయటపడి, మధ్యాహ్నం భోజనానికి లేచిన మనిషి మళ్లీ సీటుకు రాకుండా గేటు బయట నిలబడటం నేను విన్నది ఒకసారి కాదు.

9. ఆఫర్ లెటర్‌ను కూడి తీసి చూడండి

ఏడాదికి 3,60,000 ప్యాకేజీ అంటే నెలకు 30,000 చేతికి వస్తుందని లెక్క వేస్తారు. కాగితం పెన్ను తీసుకోండి. మూల వేతనం 15,000 అనుకుందాం. ప్యాకేజీలో పది శాతం పనితీరును బట్టి ఇచ్చేదైతే నెలకు 3,000 పక్కకు పోతుంది. కంపెనీ మీ తరఫున కట్టే పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ కింద మూల వేతనంలో 4.81 శాతం, అంటే సుమారు 720, ఇవీ ప్యాకేజీలో కలిపే చూపిస్తారు. మిగిలేది 24,480. అందులోంచి మీ వాటా పీఎఫ్ మరో 1,800, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వృత్తి పన్ను 200. చేతికి వచ్చేది సుమారు 22,500. ఇందులో మోసమేమీ లేదు, పీఎఫ్ మీ సొమ్మే. అద్దె ఇల్లు చూసుకునే ముందు తెలిసి ఉండాల్సిన అంకె మాత్రం ఇదే.

తర్వాత బాండు, అంటే ఇన్నేళ్లు మానకుండా పనిచేస్తానన్న ఒప్పందం, ఉందేమో చూడండి. ఎన్నేళ్లు, ముందే మానేస్తే ఎంత కట్టాలి, శిక్షణ కాలం అందులో కలుస్తుందా లేదా? ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచమంటే ఒప్పుకోకండి, చూపించి వెనక్కి తెచ్చుకోండి. చేరే తేదీ రాయకుండా 'తర్వాత తెలియజేస్తాం' అని ఉంటే, మరో ప్రయత్నం ఆపకుండా కొనసాగించండి.

ఈ లెక్క ముగిశాక ఇంటికి ఫోను చేసి ఆ 22,500 సంగతి నాన్నగారికి ముందే చెప్పండి, ఆయన చుట్టాలందరికీ ముప్పై వేలని చెప్పే లోపు.